రాజీ కుదిరినా కదలని బిల్లులు

అమెరికా వలస చట్టాల సంస్కరణ ముందుకు సాగకపోవడానికి రెండు పార్టీలకూ పొసగకపోవడమే కారణమని అందరూ అంటారు. నన్ను ఎక్కువగా బాధించేవి మాత్రం రాజీ కుదిరిన తరువాత కూడా అటకెక్కిన బిల్లులే.

2013 జూన్‌లో సెనేట్ 68–32 ఓట్లతో ఆమోదించిన సమగ్ర బిల్లు, ఉద్యోగ ఆధారిత గ్రీన్‌కార్డులలో ఏ దేశానికైనా 7 శాతమే అన్న పరిమితిని ఎత్తివేసేది. స్పీకర్ జాన్ బేనర్ దానిని ప్రతినిధుల సభలో ఓటింగుకే పెట్టలేదు. మరుసటి ఏడాది, మధ్యంతర ఎన్నికలకు ముందు, సభలో రిపబ్లికన్ల నాయకుడు ఎరిక్ కాంటర్ సొంత పార్టీ ప్రైమరీలోనే (అభ్యర్థిని ఎన్నుకునే పోరులోనే) ఓడిపోవడంతో ఆ పార్టీలో ఎవరూ దాని ఊసెత్తలేదు.

2024లో జరిగింది మరీ విడ్డూరం. ఉక్రెయిన్ సాయానికి ఒప్పుకోవాలంటే సరిహద్దు కట్టుదిట్టం చేయాలని పట్టుబట్టినవారు రిపబ్లికన్లే. వారి తరఫున జేమ్స్ లాంక్‌ఫర్డ్, డెమొక్రాట్ క్రిస్ మర్ఫీ, స్వతంత్ర సభ్యురాలు కిర్‌స్టెన్ సినెమా నెలల తరబడి మంతనాలాడి బిల్లు తయారుచేశారు. అందులో ఆశ్రయం నిబంధనల బిగింపుతో పాటు, అయిదేళ్లపాటు ఏటా 50 వేల అదనపు వలస వీసాలు, హెచ్‌-1బి (తాత్కాలిక ఉద్యోగ వీసా) ఉద్యోగుల పిల్లలు 21 ఏళ్లు నిండగానే ‘ఏజ్ అవుట్’ కాకుండా, అంటే తల్లిదండ్రులపై ఆధారపడిన హోదా కోల్పోకుండా, రక్షణ ఉన్నాయి. ఆ వీసాలలో ఉద్యోగుల వాటా 18 వేలే కనుక గ్రీన్‌కార్డుల కోసం మన భారతీయులు ఎదురుచూస్తున్న బ్యాక్‌లాగ్ కరిగిపోయేదని అనను; ఆ వయసుకు దగ్గరపడుతున్న పిల్లలున్న మాలాంటి ఇళ్లకు మాత్రం ఆ పిల్లల రక్షణే ప్రాణం. అధ్యక్ష ఎన్నికల బరిలో ఉన్న ట్రంప్ వద్దన్నారు. బిల్లు పాఠం బయటికొచ్చిన మూడు రోజులకే, ఫిబ్రవరి 7న, సెనేట్‌లో 60 ఓట్లు కావలసిన చోట 49 మాత్రమే వచ్చాయి. మే నెలలో డెమొక్రాట్లు మళ్లీ ఓటింగుకు తెచ్చినప్పుడు బిల్లు రాసిన లాంక్‌ఫర్డ్, సినెమాలే వ్యతిరేకంగా ఓటేశారు. అప్పటికి ఇరుపక్షాలకూ కావలసింది చట్టం కాదు, ప్రచారానికి సరుకు.

కాంగ్రెస్ కదలనప్పుడు అధ్యక్షులు సొంత ఉత్తర్వులకు దిగుతారు: 2014 నవంబరులో ఒబామా, 2024 జూన్‌లో బైడెన్ చేసింది అదే. అయితే ఉత్తర్వుతో సరిహద్దును బిగించవచ్చునేమో గాని, చట్టం నిర్ణయించిన గ్రీన్‌కార్డుల సంఖ్యను పెంచడం ఏ అధ్యక్షుడి తరమూ కాదు.

గ్రీన్‌కార్డుల సంస్కరణను సరిహద్దుతో ముడిపెట్టకుండా విడిగా తెస్తే నెగ్గుతుందనే వారికి 2019 నాటి అనుభవం ఉంది. దేశాలవారీ పరిమితిని తొలగించే బిల్లుకు ప్రతినిధుల సభలో 365 మంది ఓటేశారు. సెనేట్ తన సొంత ప్రతిని 2020 డిసెంబరులో ఏకగ్రీవంగా ఆమోదించింది. రెండింటినీ కలిపి ఒకే పాఠంగా మార్చేలోపే, 2021 జనవరి 3న, ఆ కాంగ్రెస్ గడువు తీరి రెండు ప్రతులూ మురిగిపోయాయి.