బి.డి. పరీక్షలో ప్రాయశ్చిత్తం పాఠం: నేను చదివిన తీరు

ఫలితాలు వచ్చాయి. సెరంపూర్ బి.డి. (క్రైస్తవ వేదాంత డిగ్రీ) పరీక్షల్లో క్రైస్తవ వేదాంతం పేపరు గట్టెక్కాను, అదీ మంచి మార్కులతో. దేవునికి స్తోత్రం! పాలకొల్లు నుంచీ అమలాపురం నుంచీ ఫోను చేసి "ప్రాయశ్చిత్తం ఎలా చదివావన్నా?" అని అడుగుతున్న తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ అందరికీ కలిపి చెబుతున్నాను. క్రీస్తు సిలువ మరణం మన పాపాలకు ఎలా పరిహారమైందో చెప్పే పాఠమే ఇది. మిగతా పాఠాలకు పాత ప్రశ్నపత్రాలు తిరగేస్తే చాలు.

పోయినసారి ఈ పేపరే పోయింది. చదవక కాదు. దేవుడు మనిషి ఎందుకయ్యాడో వివరిస్తూ అన్సెల్మ్ 1098లో ముగించిన గ్రంథం దగ్గర నుంచి, సిలువను దేవుని ప్రేమకు రుజువుగా చూసిన అబెలార్డ్, మన శిక్షను క్రీస్తు భరించాడన్న కాల్విన్, సిలువను దుష్టశక్తుల మీద విజయంగా చూసిన గుస్తాఫ్ ఔలెన్ వరకు వేదాంతుల సిద్ధాంతాలన్నీ వరుసగా రాశాను. ఆ నోట్సు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. సంఘం పనుల్లో తిరిగి చదువు పాడుచేసుకున్నాడని అన్నవాళ్ళు దాన్ని ఒక్కసారి చూస్తే బాగుండేది.

మలుపు ఇశ్రాయేలీయుల ప్రాయశ్చిత్త దినపు విధిని చెప్పే లేవీయకాండం 16లో దొరికింది. నరసాపురంలో గోదావరి గట్టున కూర్చుని తెల్లకాగితం మీద వాళ్ళ ఆరాధన స్థలమైన ప్రత్యక్షపు గుడారం గీశాను: ఆవరణ, పరిశుద్ధ స్థలం, అడ్డతెర, అతిపరిశుద్ధ స్థలం. ప్రధానయాజకుడి అడుగులను పెన్సిలుతో గుర్తుపెడుతూ వెళ్ళాను. నార బట్టలు కట్టుకుంటాడు. ముందు తన కోసం, తన ఇంటివారి కోసం కోడెను వధిస్తాడు. ధూపం పొగ కరుణాపీఠాన్ని, అంటే మందసం మీది మూతను, కమ్మాక రక్తం ప్రోక్షిస్తాడు. ఆ తర్వాత ప్రజల కోసం ఒక మేక. దాని రక్తం ప్రజల అపవిత్రత నుంచి పరిశుద్ధ స్థలాన్ని శుద్ధి చేస్తుంది. రెండో మేక తల మీద రెండు చేతులూ ఉంచి పాపాలన్నీ ఒప్పుకుని అరణ్యానికి పంపేస్తాడు.

ఇక్కడ ఆగండి. పాపాలు మోసిన మేకను వధించమని ఆ అధ్యాయంలో లేదు. వధించిన మేక మీద పాపాలు ఒప్పుకున్నట్టూ లేదు. శుద్ధి ఒకటి, పాపాన్ని దూరంగా మోసుకుపోవడం మరొకటి. మన ప్రసంగాల్లో ఈ రెండూ ఒకటిగా కలిసిపోతాయి. 1836లో మిషనరీలు బౌడెన్, బీర్ అడుగుపెట్టిన గోదావరి డెల్టా మనది. సిలువ పాటలు ఊహ తెలియకముందే మన నోటికి వచ్చేస్తాయి. అందుకే పాఠం తెలుసనుకుని వచనాన్ని దాటేస్తాం.

ఆ కాగితం చేతిలో ఉంటే హెబ్రీ పత్రిక దానంతట అదే తెరుచుకుంటుంది. తన కోసం అర్పణ అవసరం లేని యాజకుడు 7:27లో, ఒక్కసారే జరిగిన ప్రవేశం 9:12లో. వధించిన కోడెనూ మేకనూ పాళెం వెలుపల కాల్చమని లేవీయకాండం 16:27లో ఉంది కదా, యేసు గవిని (పట్టణ ద్వారం) వెలుపల శ్రమపడటం హెబ్రీ 13:12లో దానికే ముడిపడుతుంది.

ఫోను అవతల పెట్టండి, వేకువనే లేవండి. సేవకు పిలుపు ఉందని చెబుతూ వాక్యం ముందు గంటసేపు కూర్చోలేనివారి పిలుపును నేను నమ్మను. కటువుగా ఉన్నా ఇదే నా మాట.

జవాబులో ముందు లేవీయకాండం, తర్వాత యెషయా 53, మార్కు 10:45, రోమా 3:25, హెబ్రీ 9, 10 రాయండి. సిద్ధాంతాలు చివర్లో. సంఘాలన్నిటి తరఫున కూడిన ఏ సార్వత్రిక మహాసభా ప్రాయశ్చిత్తానికి ఒకే సిద్ధాంతాన్ని ఖాయం చేయలేదు కాబట్టి దేనికి ఏ వచనం బలమో, దేనికి ఏ వచనం అందదో తూచి రాయండి. ఔలెన్‌కు కొలొస్సయులకు 2:15 బలం, అబెలార్డ్‌కు రోమా 5:8. కానీ రక్తం చిందకుండా పాపక్షమాపణ లేదనే హెబ్రీ 9:22 ముందు అబెలార్డ్ నిలబడటం కష్టం. నా జవాబులో ఎక్కువ చోటు ఇచ్చింది ఆ చర్చకే.