నెట్ లైఫ్ సైన్సెస్: జన్యువుల వరస కలపడం ఇలా నేర్చుకున్నాను

సీఎస్‌ఐఆర్ నెట్ (పరిశోధన ఫెలోషిప్‌కీ, లెక్చరర్ అర్హతకీ రాసే పరీక్ష) లైఫ్ సైన్సెస్‌లో ఎవల్యూషన్ యూనిట్‌ని చివరి వారానికి వదిలేసే మిత్రుల కోసం ఇది. మొదటి ప్రయత్నంలో నేనూ అంతే. "ఆర్థోలాగ్ అంటే ఒకే పని, పారలాగ్ అంటే వేరే పని" అని ఒక్క లైను బట్టీ పట్టాను. ఈ రెండూ ఒకే పూర్వీక జన్యువు నుంచి వచ్చిన బంధు జన్యువుల్లో రకాలు. మాక్ టెస్టులో పార్ట్ సి ప్రశ్న ఒకటి వంశవృక్షం ఇచ్చి అడిగితే ఆ లైను దేనికీ పనికిరాలేదు. నాలుగు మార్కులు రాకపోగా ఇంకొకటి కోత.

ఆ రాత్రి పాత క్యాలెండర్ కాగితం వెనక గ్లోబిన్ల (రక్తంలోని హిమోగ్లోబిన్ లాంటి ప్రోటీన్ల కుటుంబం) చెట్టు గీశాను. అడుగున పూర్వీక జన్యువు. అది డూప్లికేట్ అయి ఆల్ఫా, బీటాగా చీలిన చోట ఎర్ర చుక్క పెట్టాను. చాలా కాలానికి మనిషి, చిట్టెలుక దారులు వేరయ్యాయి. ఆ చీలిక రెండు కొమ్మల మీదా వస్తుంది, అక్కడ నీలం చుక్కలు. మరి మనిషి ఆల్ఫాకి చిట్టెలుక బీటా ఏమవుతుంది? జాతులు వేరు కదా అని ఆర్థోలాగ్‌కి టిక్ పెట్టాను. కానీ రెండు కొమ్మల్నీ వేలితో వెనక్కి పట్టుకుపోతే అవి కలిసేది ఎర్ర చుక్క దగ్గర. అంటే పారలాగ్‌లే! పెళ్లిళ్లలో పెద్దవాళ్లు వరస కలిపేదీ ఇలాగే కదా. ఎవరు ఏ ఊళ్లో ఉంటున్నారని చూడరు, ఏ తాత దగ్గర కలుస్తారో చూస్తారు. 1970లో వాల్టర్ ఫిచ్ ఈ రెండు మాటలూ పెట్టింది చీలికను బట్టే, పనిని బట్టి కాదు: జాతులు వేరైన చోట కలిస్తే ఆర్థోలాగ్‌లు, జన్యువు డూప్లికేట్ అయిన చోట కలిస్తే పారలాగ్‌లు.

మరి పని సంగతి? 1987లో మెలనీ లీ, పాల్ నర్స్ ఫిషన్ ఈస్ట్‌లో కణవిభజనను నడిపే సీడీసీ2 జన్యువులో లోపం ఉన్న కణాలకు దాని మానవ ఆర్థోలాగ్‌ని అందిస్తే అవి మళ్లీ విభజన చెందాయి. ఆ మానవ జన్యువునే ఇప్పుడు సీడీకే1 అంటున్నాం. అంటే జాతులు ఇంత దూరమైనా ఆర్థోలాగ్ అదే పని చేయగలదు. ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

అలాగని ప్రతి పనినీ బంధువుకి అంటగట్టకూడదు. బాతు కంటి లెన్స్‌లోని డెల్టా క్రిస్టలిన్, మన యూరియా సైకిల్‌లోని ఆర్జినినోసక్సినేట్ లయేజ్ అనే ఎంజైమ్ ఒకే కుటుంబం. సీక్వెన్స్ పోలిక ఒక్కటే చూస్తే మన ఎంజైమ్‌ని కూడా లెన్స్ ప్రోటీన్ అనేస్తాం. లెన్స్ పని పక్షులు, సరీసృపాల కొమ్మ మీద తర్వాత వచ్చింది.

2025లో నేచర్ పత్రికలో వచ్చిన పాన్-జీఓ ఫంక్షనోమ్ (మనిషి జన్యువుల పనుల జాబితా) ఈ పద్ధతినే పెద్ద ఎత్తున పాటించింది. ప్రతి కుటుంబపు వృక్షంలో ఏ పని ఏ కొమ్మ మీద పుట్టిందో, ఎక్కడ పోయిందో నిపుణులు గుర్తించి, అక్కడి నుంచి మనిషి జన్యువులకు దించారు. ప్రోటీన్ తయారుచేసే మన జన్యువుల్లో సుమారు 82 శాతానికి ఏదో ఒక పని నమోదైంది. జన్యువుల పనులను నమోదు చేసే జీన్ ఆంటాలజీలో ఐబీఏ అనే ఎవిడెన్స్ కోడ్ (ఆధారం ఏ రకమో చెప్పే గుర్తు) కనిపిస్తే, ఆ సమాచారం పూర్వీకుడి నుంచి దించినదని అర్థం. ఐడీఏ అయితే నేరుగా ప్రయోగంలో తేలింది. ఈ తేడా గట్టిగా గుర్తుంచుకోండి.

రెండో ప్రయత్నంలో నాకు లెక్చరర్‌షిప్ వచ్చింది. మీరూ ఈ రాత్రి ఆ చెట్టు గీసి, దానికి మయోగ్లోబిన్‌ని (కండరాల్లోని గ్లోబిన్) కలపండి. ఇంకో ఎర్ర చుక్క, ఆల్ఫా-బీటా చుక్క కంటే కింద, పెట్టాల్సి వస్తుంది. ఎందుకో ఆలోచించండి.