దారం లేని ఎంబ్రాయిడరీ: పురుగు కొట్టిన గొంగడి మీద నా ప్రయోగం

మా మామయ్య గొంగడికి పురుగు పట్టింది. నాలుగేళ్లు బీరువా మీద పడేసి మరిచిపోయిన పాపానికి మడతల వెంబడి పది పన్నెండు బొక్కలు. రఫ్ఫు చేసేవాళ్లను అడిగితే ప్యాంట్లయితే తెమ్మన్నారు, గొంగడి అనేసరికి నవ్వారు. నా దగ్గరున్నది బ్లౌజుల మీద పూలూ నెమళ్లూ కుట్టుకునే ఎంబ్రాయిడరీ మెషిన్ ఒక్కటే. ఆ నల్లటి బరక ఉన్ని మీద మెరిసే పాలియెస్టర్ దారం వేయడానికి మనసొప్పలేదు. అలా ఫెల్టింగ్ జోలికి, అంటే దారం లేకుండా ఉన్ని పీచును సూదితో పొడిచి బట్టలో కలిపేసే పని జోలికి పోయాను.

ఫెల్టింగ్ సూదికి బెజ్జం ఉండదు. అంచుల మీద సన్నటి గాట్లుంటాయి. పైన పరిచిన ఉన్ని పీచును ఆ గాట్లు పట్టుకుని కింది బట్టలోకి దింపేస్తాయి, సూది మాత్రం ఖాళీగా పైకి వస్తుంది. ఉన్ని వెంట్రుక మీద పొలుసులుంటాయి కాబట్టి చిక్కుపడ్డ పీచు అంత తేలిగ్గా ఊడిరాదు. పై దారం లేదు, కింది దారం చుట్టే బాబిన్ లేదు.

మొదటి తప్పు సూది దగ్గరే చేశాను. చవగ్గా ఉన్నాయని చేత్తో ఫెల్టింగ్ చేసే సూదులు తెప్పించాను. వాటి తల వంగి ఉంటుంది, మెషిన్‌లో ఎక్కడికి ఎక్కుతుంది! ఇంటి మెషిన్ సూదిలాగా తల ఒకవైపు చదునుగా ఉన్నది మళ్లీ వెతుక్కోవాల్సి వచ్చింది. అది బిగించాక కరెంటు పెట్టకుండా చక్రం చేత్తో తిప్పి, సూది కింద ఎక్కడా తగలట్లేదని చూసుకున్నాను. బాబిన్ కేస్ తీసేశాను. ఎంబ్రాయిడరీ ప్లేటుకుండే చిన్న రంధ్రంలో ఉన్ని ఇరుక్కుంటోందని వెడల్పు రంధ్రమున్న జిగ్‌జాగ్ ప్లేటు వేశాను. అయినా మెషిన్ కదల్లేదు, దారం తెగిందని ఒకటే గోల. సెట్టింగ్స్‌లోకి వెళ్లి దారం సెన్సార్, ఆటోమేటిక్ కట్టర్ రెండూ ఆపితే గానీ దారికి రాలేదు.

ఇక అసలు దెబ్బ డిజైన్ దగ్గర తగిలింది. బ్లౌజులకు వాడే వేపాకు ఒకటి నా దగ్గర రెడీగా ఉంది, శాటిన్ కుట్టుది. ఆకుపచ్చ ఉన్ని పరిచి అదే పెట్టాను. అయిపోయాక చూస్తే ఆకు అంచులు రెండూ బట్టకు అంటుకున్నాయి, నడుమంతా పూరీలా పొంగి ఉంది. సూది పాడైందనుకుని కొత్తది మార్చాను. మళ్లీ పూరీయే. తప్పు నా బుర్రలో ఉందని తెలియడానికి ఒక సాయంత్రం పట్టింది. శాటిన్‌లో సూది ఈ అంచున ఒకసారి, ఆ అంచున ఒకసారి దిగుతుంది. నడుమను కప్పేది దారం. ఇక్కడ దారమే లేదు కదా! సూది దిగిన చోటే పని జరుగుతుంది, దిగని చోట ఏమీ జరగదు. పన్నెండేళ్లుగా కుట్టును గీతగా చూడటం అలవాటైన నాకు, దాన్ని చుక్కగా చూడటం చేతకాలేదు.

శాటిన్ తీసేసి ఫిల్ పెట్టాను, అంటే ఆకారం మొత్తాన్ని వరసలుగా నింపే కుట్టు. కుట్టు పొడవు 1.5 మిల్లీమీటర్లు, వరసకూ వరసకూ మధ్య 1 మిల్లీమీటర్. 40 మిల్లీమీటర్ల చదరానికి లెక్కేస్తే వెయ్యి పైచిలుకు పోట్లు. నిమిషానికి 400 వేగంతో మూడు నిమిషాల లోపే అయిపోతుంది. ఒక్కసారితో ఉన్ని సరిగా పట్టలేదు, గోటితో గీకితే లేచొచ్చింది. అందుకని వరసల కోణం మార్చుకుంటూ మూడుసార్లు నడిపాను. ఆశకు పోయి అయిదోసారీ నడిపిన చోట బట్ట జల్లెడైంది.

గొంగడి మందం ఫ్రేములో పట్టదు. బట్టకు అడుగున ఆసరాగా వేసే, నీళ్లలో కరిగే స్టెబిలైజర్‌ను రెండు పొరలుగా ఫ్రేముకు బిగించి, దానిమీద గొంగడిని పరిచి చుట్టూ చేత్తో పెద్ద కుట్లు వేశాను. జిగురు స్ప్రే మాత్రం వద్దు, సూది గాట్లన్నీ పూడిపోతాయి. బొక్క ఉన్నచోట పీచు పట్టుకోవడానికి ఆధారం కావాలి కదా, అడుగున నల్ల ఫెల్ట్ ముక్క పెట్టాను. పైన ఉన్ని, దానిమీద కరిగే ఫిల్మ్. ఫిల్మ్ లేకపోతే బట్టను నొక్కిపట్టే ప్రెస్సర్ ఫుట్‌కు ఉన్ని చుట్టుకుని మొత్తం లాగేస్తుంది. ఈ సూదులు పెళుసు, నావి రెండు పుటుక్కుమన్నాయి. కళ్లద్దాలు పెట్టుకునే కూర్చోండి.

ఆకులకు మెరినో ఉన్ని వాడాను, మెత్తగా కుదురుకుంది. కొమ్మకు మాత్రం మన దక్కనీ గొర్రె బొచ్చే వేశాను. ఎంత పొడిచినా అక్కడక్కడా వెంట్రుకలు నిక్కి నిలబడే బరక రకం. కొమ్మ బెరడుకు అదే అందం. చల్లటి నీళ్లలో రెండుసార్లు జాడించాను. ఒక్కసారితో సరిపెడితే ఫిల్మ్ జిగురు ఉన్నిలో మిగిలి అట్టలా బిగుసుకుంటుంది. వేడినీళ్లు, సబ్బు పెట్టి రుద్దితే ఉన్ని ముడుచుకుపోతుంది. పని ముగిశాక ప్లేటు విప్పితే అడుగున నిమ్మకాయంత నూగు ముద్ద! బ్రష్షుతో తీయడానికి అరగంట.

చివరగా ఒక మూలన, బొక్కలు లేని చోట, మామయ్య పేరులోని మొదటి అక్షరం 'మ' తెల్ల ఉన్నితో వేశాను. ఆరాక తీసుకెళ్లి ఇస్తే అటూ ఇటూ తిప్పి చూసి, "దారం ఏది బిడ్డా, గిది ఎట్ల నిల్సింది?" అన్నారు. చెప్పాను. వింటూనే గొంగడి తిరగేశారు. అవతలివైపు 'మ' పొగమంచులోంచి కనిపిస్తున్నట్టు మసకగా, మెత్తగా ఉంది. అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది. "గీ దిక్కే మంచిగుంది" అన్నారు.

ఇప్పుడు అలా తిరగేసే కప్పుకుంటున్నారు. నేను అడుగున దాచిన నల్ల ఫెల్ట్ ముక్కలన్నీ బయటికి కనిపిస్తున్నాయి.