తడిక తీగ మరిచిపోయిన రోజు

గ్రీస్‌లోని నాక్సోస్ దీవికి సముద్రం కోసమే వెళ్లాను. ఏథెన్స్ పక్కనున్న పిరయస్ రేవులో పొద్దున్నే ఓడెక్కితే ఐదు గంటల పైనే ప్రయాణం. దీవి రేవుపట్టణం చోరాలో దిగి గది అద్దెలు అడిగితే గుండె జారింది. జూన్‌లో చూసి పెట్టుకున్న ధరకు జూలైలో దాదాపు రెట్టింపు. మర్నాడు ఒడ్డున ఒక గొడుగుకూ రెండు పడక కుర్చీలకూ 40 యూరోలు అడిగారు. అంత ఇవ్వడానికి మనసొప్పలేదు. పైగా మెల్తెమి, ఈ దీవుల మీద వేసవంతా వీచే ఉత్తరపు గాలి, ఇసుకను ఎత్తి మొహాన కొడుతోంది. ఆ చిరాకులోనే దీవి లోపలికి పోయే బస్సెక్కి, దిగి కాస్త నడిచి పొటామియా చేరాను. మిగతా ఐదు రోజులూ అక్కడే గడిచిపోయాయి.

పొటామియా అంటే ఎగువ, నడిమి, దిగువ అని ఏటి పక్కన మూడు ఊళ్లు. నాక్సోస్ ఉన్న ఈ సిక్లడీస్ దీవులంటే తెల్ల గోడలు, బోడి కొండలు అనుకుని వచ్చినవాళ్లకు ఈ పచ్చదనం నమ్మబుద్ధి కాదు. నాకు గది ఇచ్చిన ముసలావిడను ఊళ్లో అందరూ యయా అంటారు. మా అనంతపురం మాటలో అవ్వ. ఏథెన్స్‌లో ఉద్యోగం చేసే మనవరాలు సెలవులకు వచ్చి ఉంది కాబట్టి మాటలు సాగాయి. ఇంటి వెనక పదిహేను కోళ్లు, రెండు మేకలు, మూడు మెట్లుగా దిగే తోట. తోటకు తడిక ఏమిటో తెలుసా? పాత ఇనుప మంచం తలవైపు పట్టె. దాన్ని రాతిగోడ సందులో నిలబెట్టి తీగతో బిగించారు. తర్వాత దారంతా గమనించాను, ఆ చుట్టుపక్కల తోటలకు సగం తడికలు మంచాలే.

మొదటి సాయంత్రం మేకల్ని చూసి నాకు కోపమొచ్చింది. ఒక్కోదానికి ముందు కాలికీ అదే పక్క వెనక కాలికీ కలిపి తాడు కట్టారు. కుంటుకుంటూ మేస్తున్నాయి. ఇంత చక్కటి తోట పెంచే మనిషికి మూగజీవం మీద ఈ కాఠిన్యం ఏమిటని రాత్రంతా మనసులో నలిగింది. ముందరి కాళ్లకు బంధం అని మాట వరసకు అంటాం గానీ, కళ్లారా చూస్తే బాధేస్తుంది.

రెండోరోజు పొద్దున అవ్వ పాలు పితికింది, మేకల కాళ్లకు ఇంకా తాడు కట్టలేదు. నేను తోటలోకి వెళ్లి ఒక టమాటా తెంపుకుని బయటికి వచ్చాను. మంచంపట్టె దగ్గరకు జరిపాను, తీగ మాత్రం చుట్టలేదు. పావుగంట కూడా కాలేదు. గోధుమరంగు మేక తోటలో ఉంది. రెల్లు కర్రలకు పాకించిన చిక్కుడు తీగల వరుస మొత్తం నేలకు జానెడు ఎత్తులో తెగిపోయింది. దోస పాదు సగం పోయింది. నన్ను చూడగానే అది ఒక్క దూకుకు పై మెట్టు గోడ ఎక్కింది.

ఆ గోడలు సున్నం, మట్టి ఏదీ లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టినవి. ఈ విద్యను 2018లో యునెస్కో తన జాబితాలో చేర్చింది, గ్రీస్‌తో కలిపి 8 దేశాల పేరు మీద. వాన కురిసే శీతాకాలంలో మన్ను జారిపోకుండా కాపాడేది అవే. కానీ మేకకు ప్రతి రాయీ ఒక మెట్టు. పైగా అది ఎక్కిన చోటల్లా ఒక రాయి దొర్లుతుంది. ఒక రాయి దొర్లితే వచ్చే వానకు గోడ కడుపు ఉబ్బి కూలుతుంది. కాలి తాడు మేకను మేతకు వెళ్లనిస్తుంది, గోడ ఎక్కనివ్వదు. అవ్వ చేస్తున్నది కాఠిన్యం అనుకున్నది నా తొందరపాటు. సాయంత్రం మందను దొడ్లోకి తోలగానే ఆ తాళ్లన్నీ ఆమే విప్పుతుందని కూడా నేను గమనించలేదు.

అవ్వ నన్ను తిట్టింది. గట్టిగా, గ్రీకులో, చేతులు ఊపుతూ. మనవరాలు అనువదించలేదు, అవసరమూ లేదు. నాకు మాత్రం ఒక్కసారిగా మా ఊరి బందెలదొడ్డి గుర్తొచ్చింది. మా నాయనమ్మ మేక ఒకసారి పక్కవాళ్ల వేరుశెనగ చేలో పడితే దాన్ని తోలుకుపోయి దొడ్లో పెట్టారు. జుల్మానా కట్టి విడిపించుకొస్తూ ఆమె దారి పొడుగునా ఇలాగే మేకను తిట్టింది. ఇక్కడా ఒకప్పుడు ఊరి పొలాలకు ప్రభుత్వ కావలి మనిషి, ఆగ్రోఫీలకాస్, ఉండేవాడని, మేకల యజమానులకు వాడంటే హడలని మనవరాలు చెప్పింది.

తిట్టడం అయ్యాక అవ్వ నా చేతికి గొడ్డలిపార ఇచ్చింది. ఆ రోజంతా నేను తోటలోనే. తొట్టి నుంచి నీళ్లు వదిలితే కాలువ వెంట వస్తాయి. ఒక సాలు తడిశాక మట్టి అడ్డేసి మడవ తిప్పి రెండో సాలుకు మళ్లించాలి. అచ్చం మన పనే. నలిగిన చిక్కుడు తీగలు మేకలకే వెళ్లాయి. కొరికిన దోసకాయలు కోళ్లకు. చీజ్ తీయగా మిగిలిన పాల తేటను మళ్లీ కాచి మిజిత్రా అనే ఇంకో రకం చీజ్ తీస్తుంది, అప్పటికీ మిగిలిన తేటలో ఎండు రొట్టె నానబెట్టి కోళ్లకు పెడుతుంది. మేకల ఎరువు శీతాకాలంలో సాళ్లలోకి. మా వైపు చేలల్లో మంద కట్టించుకుంటే గొర్రెలవాళ్లకు డబ్బులిస్తాం. ఇక్కడ రెండు మేకలే ఆ పని చేస్తాయి. పాలు తగ్గుతున్నాయని, ఆగస్టుకు వట్టిపోతాయని, మళ్లీ చలికాలంలో ఈనుతాయని చెప్పింది. ఈస్టర్‌కు ఒక పిల్ల కోతకు పోతుంది. ఆ మాట ఆమె మామూలుగా చెప్పింది. నేను మాత్రం మేక వైపు చూడలేకపోయాను.

రాత్రి భోజనానికి ఉడికించిన ఆకుకూర మీద ఆలివ్ నూనె, నిమ్మరసం పోసి పెట్టింది. వ్లీతా అంది. నోట్లో పెట్టుకోగానే తెలిసింది, తోటకూర. టమాటా ముక్కల్లో కలిపిన పుల్లటి మందపాటి ఆకు గ్లిస్త్రీద, మన గంగవాయిలి కూర. చోరాలో ఇదే సలాడ్‌కు 12 యూరోలు ఇచ్చి, గట్టి టమాటాలు తిని వచ్చాను. పప్పులో తప్ప ఎన్నడూ తినని ఆ ఆకు పచ్చిగా ఇంత బాగుంటుందని నాకు తెలియదు.

మర్నాడు అమ్మకు వీడియో కాల్ చేసి జరిగింది చెప్పాను. అమ్మ నా మాట పూర్తిగా వినలేదు. "మేకను చూపించు" అంది. చూపించాను.

"ఎన్ని ఈతలు?"

మనవరాలు అడిగింది. అవ్వ నాలుగు వేళ్లు చూపించింది.

"జత పిల్లలా, ఒంటి పిల్లా?"

రెండుసార్లు జతలట. అమ్మ తృప్తిగా తలూపి, "కాళ్లకు తాడెందుకు, మెడలో గుదికర్ర వేయమను" అంది. గుదికర్ర అంటే పశువు పరుగెత్తకుండా మెడకు వేలాడగట్టే కర్ర. అదేమిటో నేను మనవరాలికి, మనవరాలు అవ్వకు చెప్పేసరికి ఐదు నిమిషాలు పట్టింది. అవ్వ వెంటనే కాదంది. గోడ మీంచి దూకితే కర్ర రాళ్లలో ఇరుక్కుని మేక వేలాడి చస్తుందట. అమ్మ కాసేపు ఆలోచించి, "అదీ నిజమే, మనది చదును నేల" అంది.

వచ్చే ముందురోజు అవ్వ నా చేతనే చిక్కుడు గింజలు మళ్లీ పెట్టించింది. బస్సెక్కేటప్పటికి ఇంకా మొలవలేదు. తొమ్మిదో రోజు మనవరాలు ఫొటో పంపింది. రెండేసి ఆకులతో వరుస నిండుగా ఉంది, వెనక మంచంపట్టెకు తీగ చుట్టి ఉంది. దాన్ని అమ్మకు పంపాను.

"మరీ ఒత్తుగా వచ్చాయి" అని జవాబిచ్చింది. "సగం పీకి ఆ మేకకే వేయమను."