సకార్త్‌వేలో అనాలి

మా నాన్న లెక్కలో నేను ఉన్నది రష్యాలో. జార్జియా అని, టిబిలిసి అని ఎన్నిసార్లు చెప్పినా, ఊళ్ళో ఎవరడిగినా "మావాడు రష్యాలో మెస్ నడుపుతున్నాడు" అంటాడు. ఆయన్ని అని లాభం లేదు. విశాలాంధ్ర పుస్తకాల వ్యాను వస్తే మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు కొనుక్కున్న తరం అది. వాళ్ళకు సోవియట్ యూనియన్ అంతా రష్యాయే, స్టాలిన్ కూడా రష్యావాడే. స్టాలిన్ పుట్టిన గోరి మా మెస్ నుంచి గంటంపావు దూరం.

నేనూ అదే మాట నోట్లో పెట్టుకుని దిగాను. ఇక్కడ మెడిసిన్ చదివే మన పిల్లలకు వండిపెట్టడం నా పని. కూరగాయలకు రైల్వే స్టేషన్ పక్కనున్న దెజెర్తిరెబిస్ బజారుకు వెళ్తాను. అక్కడి ముసలమ్మలకు రష్యన్ వచ్చు కాబట్టి ముందు ఆ అంకెలే నేర్చుకున్నాను. "స్కోల్కో?" అంటే చాలు, ధర చెప్పేస్తారు. ఒకసారి ఓ కుర్రాడి కొట్లో అలాగే అడిగితే మొహం తిప్పుకుని ఇంగ్లీషులో అన్నాడు: "జార్జియన్ రాకపోతే ఇంగ్లీషులో అడుగు."

ఎందుకో చెప్పింది మా దెయిదా. దెయిదా అంటే వాళ్ళ భాషలో పిన్ని. మెస్‌లో కూరలు తరిగేది, గిన్నెలు కడిగేది ఆవిడే. ఆవిడకు ఇంగ్లీషు రాదు, నాకు జార్జియన్ అంతంతమాత్రం. దాంతో రష్యాను తిట్టడం కూడా నాతో రష్యన్‌లోనే తిడుతుంది. "గ్రూజియా అనకు, అది వాళ్ళు పిలిచే పేరు. మా దేశం సకార్త్‌వేలో."

ఆవిడది అఖల్‌గోరి వైపు పల్లె. 2008 ఆగస్టులో రష్యాతో అయిదు రోజుల యుద్ధం జరిగాక ఆ ప్రాంతం చెయ్యి దాటిపోయింది. విడిపోయామని చెప్పుకునే అబ్ఖాజియా, దక్షిణ ఒసేతియా కలిపి దేశంలో 20 శాతం దాకా రష్యా సైన్యం చేతిలో ఉంది. టిబిలిసి గోడల మీద ఆ అంకె కనపడని వీధి తక్కువ. ఇల్లు వదిలి వచ్చినవాళ్ళకు హైవే పక్కన త్సెరోవానిలో దాదాపు రెండు వేల ఇళ్ళు కట్టారు, అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. మొదటిసారి చూసినప్పుడు పోలవరం ముంపులో ఊరు పోయిన మా మేనత్త వాళ్ళ కాలనీ గుర్తొచ్చింది. ఆ మాటే చెప్పాను. దెయిదా కాసేపు ఉల్లిపాయలు తరిగి, "మీ ఊరు నీళ్ళలో పోయింది. మాది అలాగే ఉంది. నేనే పోలేను" అంది. అటువైపు దాటే గేటు 2019లో మూసేశారు. తర్వాత తెరిచినా నెలలో కొద్ది రోజులే.

2022లో ఉక్రెయిన్ యుద్ధం కోసం సైన్యంలోకి పిలుపులు మొదలయ్యాక రష్యా కుర్రాళ్ళు లార్స్ సరిహద్దు దారిన వేలల్లో వచ్చిపడ్డారు. వాళ్ళకు ఇక్కడ ఏడాది దాకా వీసా అక్కర్లేదు. యుద్ధం వద్దనుకుని వచ్చినవాళ్ళే చాలామంది, పాపం. అయినా మా ఓనరు మెస్ అద్దె రెట్టింపు చేశాడు. రష్యన్లను తిడుతూనే రష్యన్లు ఇచ్చే రేటు అడిగాడు!

అదే ఏడాది దెయిదా నన్నూ నిలదీసింది. "మీ దేశం వాళ్ళ దగ్గర నూనె కొంటోందట కదా?" క్రూడాయిల్ సంగతి. మన దేశం ఐక్యరాజ్యసమితి ఓటింగులో తటస్థంగా ఉండటం కూడా టీవీలో చూసింది. నేను కొనేది పొద్దుతిరుగుడు నూనేనని జోక్ చేశాను. ఆవిడ డబ్బా తిప్పి చూపించింది, అదీ రష్యాదే. ఇద్దరం నవ్వాం. వీళ్ళ వైన్ కూడా అంతే. 2006లో రష్యా దాన్ని ఆపేసి నానా తిప్పలు పెట్టింది, 2013లో మళ్ళీ తెరిచింది, ఇప్పటికీ ఎక్కువ సరుకు పోయేది అక్కడికే. అందుకే "అంత కోపముంటే వ్యాపారం ఎందుకు" అనే మన పిల్లల వాదన నాకు తేలిగ్గా అనిపిస్తుంది. పక్కింటివాడితో గొడవుందని బావి తాడు తెంచుకుంటామా?

2024 వసంతంలో మాత్రం నవ్వులు లేవు. విదేశీ నిధులు 20 శాతం దాటిన సంస్థలు, మీడియా విడిగా నమోదు కావాలని చట్టం తెచ్చారు. పారదర్శకత కోసమే అంది ప్రభుత్వం. రష్యా చట్టానికి నకలు అన్నారు జనం. రుస్తవేలి రోడ్డంతా "ఆరా రుసుల్ కానోన్స్", రష్యన్ చట్టం వద్దని ఒకటే అరుపులు. పిల్లల తల్లిదండ్రుల నుంచి టెన్షన్ పడుతూ ఫోన్లు. నేను త్వరగా మెస్ మూస్తే, దెయిదా గిన్నెలు బోర్లించి, ఏప్రాన్ విప్పి, నేరుగా అక్కడికే వెళ్ళేది.

మొన్న నాన్న వీడియో కాల్‌లో, "రష్యాలో చలి తగ్గిందా?" అన్నాడు గట్టిగా. తెలుగు ముక్క రాని దెయిదాకు ఆ ఒక్క మాటా అర్థమైంది, కత్తి ఆపి ఇటు చూసింది. అప్పట్నుంచి ఆయన ఫోన్ చేస్తే మెట్ల మీదకు వెళ్ళి మాట్లాడుతున్నాను.