డాల్ఫిన్ ముక్కు దగ్గర మొదలైన పాఠం

రాజమండ్రి నుంచి రెండు రోజుల కోసం విశాఖ వెళ్లాను. మా అక్క కూతురు అక్కడే ఉంటుంది, స్పానిష్ బాగా వచ్చు. వచ్చే నెల నేను మాడ్రిడ్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాను. వాడు ఆఫీసుకు వెళ్లాక నాకు ఒంట్లో బాగోకపోతే ఎక్కడ నొప్పో ఎలా చెప్పుకోవాలన్నదే నా టెన్షన్. "ముందు ఒంటి భాగాల పేర్లు నేర్పవే" అన్నాను.

ఆర్కే బీచ్‌లో నడుస్తుంటే, సముద్రంలోకి చొచ్చుకుపోయిన కొండను చూపించింది. "అది డాల్ఫిన్స్ నోస్ కదా పిన్నీ, ముక్కుని నరీథ్ అంటారు." చివర ఆ 'థ్' పలకడం స్పెయిన్‌లో. లాటిన్ అమెరికాలో నరీస్ అంటారట. ముఖం కారా, నోరు బోకా. కన్ను ఓహో! అది మనం రోజూ అనే మాటే కాబట్టి వెంటనే పట్టుబడింది. చెవి దగ్గర మాత్రం ఆగాల్సి వచ్చింది. బయటికి కనిపించే చెవి ఒరేహా, లోపలి చెవి ఒయీదో. చెవిపోటు వస్తే డాక్టరుకి ఒయీదో అనే చెప్పాలి. పుస్తకంలో రాసుకుని కింద గీత గీశాను.

మధ్యాహ్నం కైలాసగిరి ఎక్కాం. శివపార్వతుల తెల్లని పెద్ద విగ్రహాల ముందు కూర్చుని మిగతావి చెప్పుకున్నాం. భుజం ఓంబ్రో, ఓంబ్రే అంటే మగవాడు, చివరి అచ్చు తప్పకూడదు. చెయ్యి మానో. 'ఓ'తో ముగిసినా స్త్రీలింగమే, లా మానో అనాలి. వేలు దేదో, కాలి వేలు దేదో దెల్ ప్యే, అంటే పాదం వేలు. ఇంగ్లీషులో దానికి వేరే మాట ఉంది. స్పానిష్ వాళ్లూ మనలాగే వేలు అనే అంటారు.

అసలు సంగతి నొప్పి దగ్గర తెలిసింది. మోకాలు నొప్పికి "మే దుయేలే లా రోదీయా" అనాలి. 'మే' అంటే నాకు. 'నా మోకాలు' అని అక్కర్లేదు. "నాకు మోకాలు నొప్పిగా ఉంది" అని మనం అన్నట్టే! ఇన్నాళ్లూ ఇంగ్లీషు పుస్తకం పెట్టుకుని ఈ వాక్యం దగ్గరే తికమకపడ్డాను. తెలుగువాళ్లు ఇలాంటివి తెలుగు నుంచే నేర్చుకోవాలని నాకు గట్టిగా అనిపించింది. నొప్పి రెండు మోకాళ్లకీ అయితే దుయేలే కాస్తా దుయేలెన్ అవుతుంది, అంతే.

మర్నాడు కురుసుర జలాంతర్గామి చూశాం. 1969లో నౌకాదళంలో చేరి 2001 దాకా పనిచేసింది, ఇప్పుడు బీచ్‌లో మ్యూజియం. లోపల ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి ద్వారాల గుండా వంగి, కాలెత్తి దాటాలి. బయటికొచ్చి మెట్లు దిగుతూ రెయిలింగ్ పట్టుకుని ఆగిపోయాను.

"మే దుయేలెన్ లాస్ రోదీయాస్" అన్నాను. అది అడగలేదు, నేను పుస్తకం చూడలేదు.

"రెండూనా పిన్నీ?" అంటూ చెయ్యి అందించింది.