మాకియవెల్లి పల్లెలో ఒక పూట

కుట్రలు పన్నే నాయకుడు కనిపిస్తే చాలు, ‘మాకియవెల్లి’ అనేస్తుంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. అందుకే ఇటలీలోని ఫ్లోరెన్స్ వెళ్లినప్పుడు, ఐదొందల ఏళ్ల కిందటి ఆ రాజనీతి రచయిత అధికారం గురించి ‘ప్రిన్స్’ అనే పుస్తకం రాసిన పల్లె చూడకుండా తిరిగి రాకూడదనుకున్నాను.

ముందు నగర పాలన భవనం పలాజో వెక్కియోకి వెళ్లాను. 1498 నుంచి 1512 దాకా మాకియవెల్లి ఫ్లోరెన్స్ గణరాజ్యానికి కార్యదర్శిగా పనిచేసింది ఆ భవనంలోనే. రాయబారాలు నడిపాడు, కిరాయి సైనికుల్ని నమ్మొద్దని పోరి పౌరులతోనే సైన్యం కట్టించాడు. 1512లో, అంతకుముందు ఫ్లోరెన్స్‌ను ఏలిన మెదిచీ కుటుంబం తిరిగి అధికారంలోకి రాగానే ఉద్యోగం పోయింది. మరుసటి ఏడాది కుట్ర కేసులో ఇరికించి, చేతులు వెనక్కి కట్టి, తాడుతో పైకి లాగి వదిలారు. ఒకసారి కాదు, ఆరుసార్లు. అయినా ఆయన నోట ఏ నేరమూ ఒప్పించలేకపోయారు.

జైలు నుంచి బయటపడ్డాక ఆయన చేరిన పల్లె సాంతాంద్రెయా ఇన్ పెర్కుస్సీనా. ఫ్లోరెన్స్ నుంచి సాన్ కషానో దాకా బస్సుంది, అక్కణ్ణుంచి టాక్సీలో వెళ్లాను. దారి పొడవునా ద్రాక్షతోటలు, ఆలివ్ చెట్లు. ఊరంటే రోడ్డు పక్కన గుప్పెడు రాతి ఇళ్లు, అంతే. ఆయన ఇల్లు ఇప్పుడు మ్యూజియం. దగ్గర్లోనే సత్రం.

1513 డిసెంబర్ 10న ఆయన స్నేహితుడు వెత్తోరికి రాసిన ఉత్తరం చదివి వెళ్తే ఈ ఊళ్లో ప్రతి అడుగూ తెలిసినట్టే ఉంటుంది. పొద్దున్నే అడవికెళ్లి కట్టెలు కొట్టేవాళ్లతో తగువు. తర్వాత ఊట దగ్గరికెళ్లి, కాసేపు దాంతేనో, పెట్రార్కానో, ఎవరో ఒక కవిని చదువుకోవడం. మధ్యాహ్నం సత్రంలో కసాయివాడితో, పిండిమర వాడితో, బట్టీ పనివాళ్లతో జూదం. చిల్లర డబ్బుల కోసం వాళ్లు వేసే కేకలు సాన్ కషానో దాకా వినబడేవట! సాయంత్రం ఇంటికొచ్చి, మట్టి కొట్టుకున్న బట్టలు గుమ్మం దగ్గరే విప్పేసి, దర్బారుకు తగిన దుస్తులు వేసుకుని చదువుకునే గదిలోకి వెళ్లేవాడు. అక్కడ పుస్తకాల్లోని ప్రాచీనులతో నాలుగు గంటల సంభాషణ. వాళ్లను అడిగేవాడట, వాళ్లు జవాబు చెప్పేవారట. ఆ నాలుగు గంటలూ పేదరికమన్నా, చావన్నా భయం లేదంటాడు.

ఆయన రాసుకున్న గదిగా చూపించే చోట చాలాసేపు నిలబడ్డాను. ఉద్యోగం పోయి, ఒళ్లు హూనమై, ఇంటినిండా పిల్లలున్న నలభై నాలుగేళ్ల మనిషి చేతిలో అధికారం గురించి అంత నిక్కచ్చి పుస్తకం తయారైంది. మళ్లీ కొలువు దొరుకుతుందేమోనని దాన్ని మెదిచీలకే అంకితమిచ్చాడు. ఆయన ఆశించిన కొలువు రాలేదు. 1527లో చనిపోయిన ఐదేళ్లకు గానీ పుస్తకం అచ్చు కాలేదు.

నా దృష్టిలో అసలైన మాకియవెల్లి మాత్రం రోమ్ చరిత్ర మీద ఆయన రాసిన ‘డిస్కోర్సెస్’లో ఉన్నాడు. ప్రాచీన రోమ్‌లో సామాన్యులకూ పెద్దలకూ మధ్య జరిగిన గొడవల్ని అందరూ తిట్టిపోస్తుంటే, ఆ గొడవల వల్లే రోమ్‌కు మంచి చట్టాలూ స్వేచ్ఛా వచ్చాయన్నాడు. రాజు కంటే ప్రజలే వివేకం గలవాళ్లనీ, నిలకడైనవాళ్లనీ రాశాడు. ఇలా రాసినవాణ్ణి కుట్రలకు గురువంటే ఎలా ఒప్పుకోను?

ఫ్లోరెన్స్ వెళ్తే ఒక పూట ఈ పల్లె కోసం అట్టే పెట్టుకోండి. బయల్దేరే ముందు ‘డిస్కోర్సెస్’ మొదటి భాగంలో నాలుగో అధ్యాయం చదవండి. పట్టుమని నాలుగు పేజీలు కూడా ఉండదు.